అడ్డిగ వెనక పక్క

పుష్పావతి లాకరు నుంచి తెచ్చిన వెల్వెట్ పెట్టెను డైనింగ్ టేబుల్ మీద పెట్టి, మూత తీసి, ముక్కు చిట్లించింది. లోపల కెంపుల అడ్డిగ నల్లగా, చీకేసిన చింతపండులా పడి ఉంది.

వరమహాలక్ష్మి వ్రతం తెల్లారితే. హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో ఉన్న ఆ ఫ్లాటు నిండా పూలబుట్టలూ, అరటి పిలకలూ, పప్పు ఉడికిన వాసన. ఓ మూల కూర్చుని తోడికోడలు సుశీల ఓళిగలకు పూర్ణం ఉండలు చేస్తోంది. వంట చెయ్యడానికి ఆమె చేతులు ఎప్పుడూ పనికొచ్చాయి. నగల దగ్గరే పనికిరాలేదు.

“రేపు అమ్మోరికి ఏసేద్దాం. శనివారం అంగడికిచ్చి కరిగించి, మేఘన పెళ్ళికి కొత్తది చేపిద్దాం,” అంది పుష్పావతి.

“చేపిద్దాం లే,” అన్నాడు ఆమె భర్త వెంకటరమణ, ఫోనులోంచి తల ఎత్తకుండానే.

సుశీల చేతిలో ఉండ నలిగిపోయింది.

ఆ అడ్డిగ వాళ్ళ అత్తగారిది. మెడకు హత్తుకుని కూర్చునే హారం, ముందు వరసగా ఎర్రరాళ్ళు, కింద సన్న ముత్యాలు. ఆ ఇంటికి వచ్చిన ప్రతి కోడలూ ముహూర్తానికి దాన్నే పెట్టుకుంది. సుశీలా పెట్టుకుంది, బళేపేట పెళ్ళి ఛత్రంలో. పెళ్ళయ్యాక విప్పి చూసిన అత్తగారు, నగ కళ తప్పిందని దీర్ఘం తీసి ఒక మాట అన్నది: “ఈ పిల్ల ఒంటికి నగ పడదు. చెమట మంచిది కాదు.”

అంతే. ఆ మాటకు కాళ్ళొచ్చాయి. పెళ్ళిళ్ళకీ సీమంతాలకీ సుశీల కంటే ముందే వెళ్ళి కూర్చునేది. ఇంట్లో వెండి దీపపు కుంది నల్లబడితే, సుశీల దాని పక్కగా నడిచి ఉంటుందని నవ్వేవాళ్ళు. నవ్వేవాళ్ళకేం, నవ్వి మరిచిపోతారు. సుశీల మాత్రం నలుగురిలో మెడకు పసుపుతాడు తప్ప ఏమీ వేసుకోవడం మానేసింది. ఎవరైనా అడిగితే అలవాటు లేదనేది. అలవాటు లేకేం, అద్దం ముందు ఒంటరిగా నిలబడి ఎన్నిసార్లు పెట్టుకుని తీసేసిందో ఆమెకే తెలుసు.

ఇప్పుడు అడ్డిగ కరిగిపోతుందంటే పీడ విరగడైందని సంతోషించాలి కదా? లేదు, ఆమెకు ఒళ్ళు మండింది. నగను కరిగించేస్తారు సరే, ఆ మాటను కరిగించేదెవరు? అది తప్పని చూపించడానికి ఇక వస్తువే ఉండదు.

చేతులు కడుక్కుని వచ్చి టేబుల్ దగ్గర నిలబడింది.

“అక్కా, దాన్ని ఈ పూటకు నాకియ్యి. శుభ్రం చేసి చూస్తా.”

“నువ్వా?” అంది పుష్పావతి. ఆ ఒక్క మాటలో ఇన్నేళ్ళూ ఉన్నాయి.

“ఎట్లాగూ కరిగించేదే కదక్కా! నా చేత్తో పాడైనా పోయేదేముండాది?”

వెంకటరమణ ఫోను దించి, “కరెక్టే కదప్పా!” అన్నాడు. అలా అన్నందుకు భార్య వైపు మళ్ళీ చూడలేదు.

వాళ్ళ కూతురు మేఘన టేబుల్ మీద తెల్ల టవల్ మడతపెట్టి పరిచింది. అడ్డిగ అంటే ఆ పిల్లకు ఇష్టం, కానీ నల్లనగ పెట్టుకుని పీటల మీద ఎలా కూర్చోవడం?

“వేడినీళ్ళు కాచేదా? బాగా నానేస్తే పోతాది,” అంది పుష్పావతి, సాయమో వెటకారమో తేలకుండా.

“నానేస్తే సచ్చిపోతాదక్కా. రాయి వెనక సన్న రేకు ఉంటాది. అది మెరిస్తేనే రాయి మెరిసేది. నీళ్ళు లోపలికి దిగినాయంటే రాయి గుడ్డిదైపోతాది.”

పుట్టింటి కెంపుల కమ్మలు ఇన్నేళ్ళూ తనే చూసుకుంటూ వచ్చింది కాబట్టి ఆ సంగతి సుశీలకు కొత్త కాదు. కుంకుడుకాయలు చితక్కొట్టి నీళ్ళలో చిలికి, నీళ్ళు వదిలేసి నురుగు మాత్రం తీసుకుంది. పసిపిల్లల బ్రష్షు ఒకటి తెచ్చింది. నురుగును బ్రష్షు కొసకు అంటించి, అడ్డిగను బోర్లా వంచి పట్టుకుని, కింది నుంచి మెల్లగా తట్టింది. అలా పట్టుకుంటే తడి రాయి వెనక్కి పోదు. ముత్యాల జోలికి బ్రష్షు పోనివ్వలేదు, వాటికి తడిగుడ్డే చాలు.

మొదటి చుక్క టవల్ మీద పడింది. ఎర్రగా.

రెండోదీ ఎర్రగానే పడింది. తెల్ల టవల్ మీద నెత్తురులా పాకింది.

“అయ్యో దేవుడా! రంగు పోతాండాది! నిలుపు, నిలుపు!” పుష్పావతి కేక వంటింటి కిటికీ దాటి పక్క ఫ్లాటు దాకా వెళ్ళింది. “చెయ్యి పెట్టొద్దంటే యినవు!”

సుశీల బ్రష్షు వెనక్కి తీసింది. నిజంగానే తన చేతిలో ఏదో ఉందా? ఒక్క క్షణం, తన మీద ఇన్నేళ్ళుగా పడ్డ ఆ నిందను తనే నమ్మేసింది.

అయినా అడ్డిగ వదల్లేదు. ఆ ఎర్రనీళ్ళను వేలితో తీసి నలిపి, ముక్కు దగ్గర పెట్టుకుంది. పసుపు వాసన. కాస్త గంధం, కాస్త కర్పూరం.

“రంగు కాదక్కా,” అంది నిదానంగా. “కుంకుమ.”

పుష్పావతి కూడా వేలు ముంచి వాసన చూసింది. ముఖం మారిపోయింది. ఏటేటా వ్రతం రోజు అడ్డిగలో ప్రతి రాయికీ గంధం రాసి, బొట్టు పెట్టేది ఆమే. అంతకు ముందు అత్తగారు. అమ్మవారి కుంకుమ సింకులోకి పోకూడదని మర్నాడు కడిగేవాళ్ళే లేరు. అలాగే పెట్టెలో పెట్టి, లాకరులో పడేసేవాళ్ళు. మళ్ళీ ఏడు మళ్ళీ బొట్టు, పాతదాని మీదే. అది పొరలుగా గట్టిపడి నల్లబడింది.

“భక్తి ఎక్కువై సచ్చింది పాపం,” అన్నాడు వెంకటరమణ. పుష్పావతి ఒక చూపు చూసేసరికి లేచి బాల్కనీలోకి వెళ్ళిపోయాడు.

సుశీల ఇక ఆగలేదు. గట్టిపడ్డ చోట తడిగుడ్డ కాసేపు ఆనించి, మెత్తబడ్డాక టూత్‌పిక్‌తో మెల్లగా తీసింది. ఒక రాయి కళ్ళు తెరిచింది. దాని పక్కది తెరిచింది. మేఘన “చిన్నమ్మా!” అని అరిచి చప్పట్లు కొట్టింది. ట్యూబులైటు వెలుగులోనే దానిమ్మగింజల్లా ధగధగ మెరిశాయి రాళ్ళు.

తుడవడానికని సుశీల అడ్డిగను తిరగేసి, ఈసారి పరీక్షగా చూసింది. చెయ్యి ఆగిపోయింది.

వెనక పక్క ఇంకా నీటి చుక్క తగల్లేదు, బ్రష్షూ తగల్లేదు. అయినా నిన్న చేసినట్టు పచ్చగా ఉంది బంగారం.

“అక్కా,” అంది, “మెడకు తగిలేది ఏ పక్క?”

“వెనక పక్క…” అని మొదలుపెట్టి పుష్పావతి ఆగిపోయింది.

“నల్లగైంది ఏ పక్క?”

పుష్పావతి మరకల టవల్ వైపు చూసింది.

“నా చెమటకే నల్లగైతే, ఈ పక్క కదా నల్లగ అవల్సింది!” అంది సుశీల. లిఫ్టులో ఎక్కి దిగి ప్రతి అంతస్తులోనూ తలుపు తట్టి ఆ వెనక పక్కను చూపించాలనిపించింది ఆమెకు. ఆ సంతోషానికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి కుంకుడు నురుగు వల్ల అనుకోమన్నట్టు కొంగుతో తుడుచుకుంది.

మెత్తటి గుడ్డతో అద్ది, ఫ్యాను కింద ఆరబెట్టింది. ఎర్రనీళ్ళను సింకులో పోయకుండా బాల్కనీలో ఉన్న తులసికుండీలో పోసింది. ఆ మార్గం ఇన్నేళ్ళూ ఎవరికీ తోచలేదు మరి.

శుక్రవారం పూజలో దీపాల ముందు అమ్మవారి మెడలో అడ్డిగ వెలిగిపోయింది. పుష్పావతి అలవాటుగా కుంకుమ అద్దిన వేలు రాళ్ళ దాకా తీసుకెళ్ళి, గాల్లోనే ఆపింది. ఆ బొట్టు తెచ్చి సుశీల నుదుట పెట్టింది. క్షమించమని అనలేదు. పుష్పావతి నోట అది వచ్చేదీ కాదు.

శనివారం అంగడి మాట ఎవరూ ఎత్తలేదు. ఆఫీసులున్నాయని నిన్న రాలేకపోయినవాళ్ళంతా తాంబూలానికి బారులు తీరారు. పుష్పావతి కలశం దగ్గర నుంచి అడ్డిగ తీసి సుశీల దగ్గరకొచ్చింది.

“తిరుగు,” అంది.

“ఎందుకక్కా?”

“తిరగమంటే తిరుగు. పెండ్లికి మేఘన ఏసుకుంటాది. ఈ పొద్దు నువ్వు ఏసుకో.”

పట్టుతాడు ముడి వేస్తున్న పుష్పావతి వేళ్ళు మెడ వెనక చల్లగా తగిలాయి. ముడి గట్టిగా వేసింది, రెండుసార్లు.

హాలు నిండా ఆడవాళ్ళు. కొత్తదా, ఎక్కడ చేయించారని అడిగినవాళ్ళందరికీ “మా అత్తగారిది, మా సుశీల శుభ్రం చేసింది,” అని పుష్పావతే చెప్పింది. సుశీల తాంబూలాలు ఇస్తూ, వంటింట్లోకీ హాల్లోకీ తిరుగుతూనే ఉంది. స్టౌ వేడికీ జనం ఉక్కకూ మెడకు పట్టిన చెమట అడ్డిగ కిందుగా కారింది.

మేఘన చూసి టిష్యూ అందించబోయింది.

“ఉండనీ,” అంది సుశీల, తల ఇంకాస్త ఎత్తి.