అదిమినా తగ్గని బరువు

వారంవారం ఎలిజబెత్తమ్మ శింగనమల బస్సులో కూతురి ఊరికి పశువుల మేత తీసుకుపోతుంది. బస్సు తలుపులో పట్టని, కాయలు కోసిన ఎండు వేరుశనగ కట్టె మోపును ఇంటి ముందరే రెండు చేతులతో అదిమితే చింతపండు ముద్దంతైపోతుంది. దాన్ని కొంగులో మూటకట్టుకుని ఎక్కుతుంది. కండక్టరుది ఎప్పుడూ ఒకటే పేచీ.

"చిన్నదైతే ఏమవ్వా, బరువు అట్లే ఉండాది గదా. లగేజీ టికెట్టు తీస్కో."

అతనన్నది అబద్ధం కాదు. ఆమె చేతుల్లో ఏదైనా కుదించుకుపోతుంది గానీ, బరువు వీసమెత్తు తగ్గదు. అదిమే ముందు కట్టెను బాగా విదిలిస్తుంది. ఒకసారి చూసుకోక ఒక కోడిపిల్ల అందులో ఉండిపోయింది. ప్రాణమైతే పోలేదు. వేరుశనగ గింజంతై, ఇప్పటికీ గింజంతగానే పెరట్లో తిరుగుతోంది. ప్రాణమున్నదాని జోలికి మళ్లీ పోనని ఆమె ఆనాడే ఒట్టు పెట్టుకుంది.

ఈ వేసవిలో తోటలో చీనీ చెట్లు నీళ్లు లేక ఎండిపోతుంటే కొడుకు ఇమ్మానుయేల్ పాతబావిలో పూడిక తీయడానికి దిగాడు. గట్టు జారి అతన్ని ఎదదాకా కప్పేసింది. అతని భార్య రూతు కేకలకు ఎలిజబెత్తమ్మతో పాటు జనం చేరారు. పైన ఇంకో పెద్ద పెళ్ల వేలాడుతోంది. జేసీబీ దగ్గరికొస్తే అదీ మీద పడుతుంది.

"మా... ఊపిరాడలే," అన్నాడు ఇమ్మానుయేల్ లోపలి నుంచి. గొంతు సన్నగా వచ్చింది.

రూతు అత్త చెయ్యి పట్టుకుంది.

"అత్తా, నువ్వు దిగి మట్టిని అదుము."

"కోడిపిల్లను మర్చిపోయినావా మే? వాడు ఆ మట్టిలోనే ఉండాడు. నాకు భయమైతాంది."

"నాకూ భయమే. ఎంత మిగిలినా నాకు చాలత్తా."

ఎలిజబెత్తమ్మ ప్రార్థన చేసుకుని, పక్క చేను కుళ్ళాయప్ప పట్టుకున్న తాడుతో దిగింది. ఎక్కడ ఉత్త మట్టో, ఎక్కడ కొడుకో వేళ్లకు తెలియలేదు. అయినా అదిమింది. మట్టంతా కొబ్బరికాయంత ముద్దైంది. ఆ ముద్ద ఎవరూ ఎత్తలేక నేటికీ బావిలోనే ఉంది.

పైకొచ్చిన భర్తను చూసే ధైర్యం లేక రూతు కళ్లు మూసుకుని తడిమింది. తల, ఎద, కాళ్లు, కుడిచెయ్యి, అన్నీ ఎప్పటిలాగే ఉన్నాయి. ఎడమచెయ్యి దగ్గర ఆమె వేళ్లు ఆగిపోయాయి. మోచేతి కింద అది నెలల బిడ్డ చెయ్యంతే ఉంది.

"భయపడినావా మే?" అంటూ అతను అలవాటుగా ఆ చేతినే ఆమె భుజం మీద వేశాడు.

పెళ్లైనప్పటి నుంచి పడుతున్న బరువే పడింది. రూతు కళ్లు తెరిచింది.