ఐదు పలకలేదు

మా లాండ్రీలో ఒక్క దుప్పటి తక్కువైనా ఎవరూ ఇంటికి కదలడానికి వీల్లేదు. ఆసుపత్రి నుంచి పొద్దున ఎన్ని వచ్చాయో, ఉతికి, ఆరబెట్టి, ఇస్త్రీ చేసి, మడతలు పెట్టి సాయంత్రం బండెక్కించేటప్పుడు కూడా అన్నే ఉండాలి. పదకొండేళ్ళుగా అదే పని చేస్తున్నానేమో, నాకు మనుషుల్ని కూడా లెక్కపెట్టే అలవాటు పట్టుకుంది.

ఒకటి నేను. రెండు మా ఆయన. మూడు మా పెద్దమ్మాయి. నాలుగు మా మామయ్యగారు. ఐదు మా చిన్నది, ఏడేళ్ళ పిల్ల, ఇంట్లో అందరికీ బుడంకాయ్. గడప దాటామంటే నేను "ఒకటి" అనాలి, మిగతావాళ్ళు వరసగా పలకాలి. మామయ్యగారు ముప్ఫై ఏళ్ళు అచ్చు యంత్రాల మోతలో పనిచేసి చెవులు పోగొట్టుకున్నారు. అందుకని ఆయనకు కనిపించేలా చెయ్యి పైకెత్తి వేళ్ళు కూడా చూపిస్తాను. నాలుగు వేళ్ళు లేవగానే ఆయన "నాలుగు!" అని అరుస్తారు. తన గొంతు తనకు వినపడదు కనక పక్క వీధిలోవాళ్ళు కూడా ఉలిక్కిపడేలా అరుస్తారు. రైల్వే స్టేషన్లో అరిచారు. పళ్ళ డాక్టరు గదిలో అరిచారు. అప్పుడు పాపం ఆ డాక్టరు చేతిలో పట్టకారు జారిపడింది.

"అమ్మా, మేం మనుషులమా, దుప్పట్లమా?" అంటుంది మా పెద్దది. దానికి పదహారేళ్ళు. ఈ లెక్కంటే దానికి తల కొట్టేసినట్టుంటుంది.

అడవికి వెళ్దామని చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది కూడా అదే. బడిలో ఎవరో వచ్చి అడవుల గురించి పాఠం చెప్పారట. అప్పటినుంచీ రోజూ అదే గోల. బస్సు దిగి గంట నడిస్తే జలపాతం వస్తుందట, దారి పొడుగునా గుర్తులు పెట్టి ఉంటాయట, చంటిపిల్లల్ని ఎత్తుకుని కూడా వెళ్తారట. నాకు మాత్రం జలపాతం అనగానే అందులో జారిపడ్డవాళ్ళే కనిపించారు. పాములు, జెర్రులు, విరిగిపడే కొమ్మలు, దారి తప్పడం, కాలు మడతపడటం, అన్నీ వరసగా కళ్ళముందు తిరిగాయి. రెండు నెలలు ఏదో ఒక వంక చెప్పి దాటేశాను. చివరికి మా ఆయన, "నువ్వు భయపడే లెక్కన అయితే మనం వంటింట్లో కూడా కాలు పెట్టకూడదే, అక్కడ కత్తిపీట ఉంది," అన్నాడు. ఇక తప్పలేదు.

సరే, వెళ్దాం అన్నాను. కానీ ఊరికే వెళ్ళలేదు. ముందురోజు కూర్చుని కాగితం మీద జాగ్రత్తలు రాశాను. మొత్తం పదకొండు వచ్చాయి. లెక్క పిలిస్తే ఎక్కడున్నా వెంటనే పలకాలి. రాలిన పళ్ళు నోట్లో పెట్టుకోకూడదు. నీళ్ళ దగ్గర నా చెయ్యి వదలకూడదు. ఏదైనా జంతువు కనిపిస్తే కిక్కురుమనకూడదు, ఊపిరి కూడా మెల్లగా తియ్యాలి. ఇలా అన్నీ. పెద్దవాళ్ళెవరూ వినలేదు. బుడంకాయ్ చేత మాత్రం మూడుసార్లు అప్పజెప్పించుకున్నాను. అది ఒక్క అక్షరం పొల్లుపోకుండా చెప్పింది.

నిజం చెప్పాలంటే జలపాతం బాగానే ఉంది. ఎవరూ జారిపడలేదు. లాండ్రీలో చిరుగులు పడ్డాయని పక్కన పెట్టిన పెద్ద దుప్పటి ఒకటి ఇంటికిచ్చారు, అంచుకు నీలం చార ఉంటుంది. దాన్ని పరుచుకుని తెచ్చుకున్నవి తిన్నాం. మామయ్యగారు చలికో, అలవాటుకో, మోకాళ్ళు దాటే ఉన్ని కోటు వేసుకునే కూర్చున్నారు. ఆ కోటు జేబులో ఎప్పుడూ పిప్పరమెంట్లు ఉంటాయి. బుడంకాయ్ ఆయన చుట్టూ ఈగలా తిరిగేది అందుకే.

తిరుగు దారిలో అందరం ఒకరి వెనక ఒకరం నడుస్తున్నాం. ఒక మనిషి పట్టేంత దారి, రెండు పక్కలా ఎత్తైన చెట్లు, మోకాలి లోతు పొదలు. ముందు బుడంకాయ్, దాని వెనక పెద్దది, తర్వాత దుప్పటి చుట్ట చంకలో పెట్టుకుని నేను, నా వెనక మామయ్యగారు, అందరికన్నా వెనక సంచులు మోసుకుంటూ మా ఆయన. మలుపు దగ్గర లెక్క పిలిచాను. అయిదుగురూ పలికారు. హమ్మయ్య అనుకున్నాను. ఇంకో అరగంట నడిస్తే బస్సు.

అప్పుడే నా మడమ దగ్గర ఏదో పాకినట్టయింది. జెర్రే అనుకున్నాను. వంగి, బూటు విప్పి, మేజోడు తిరగేసి దులిపాను. ఎండుటాకు ముక్క. మళ్ళీ అన్నీ తొడుక్కుని లేచేసరికి పెద్దది నాకేసి వెనక్కి నడుచుకుంటూ వస్తోంది. తిరిగి రావడం కాదు. మొహం అటే పెట్టి, ఒక్కో అడుగూ వెనక్కి వేస్తూ వస్తోంది. దుప్పటి మడతపెట్టేటప్పుడు అంచు పట్టుకుని మేం వెనక్కి జరుగుతామే, అలాగ.

"ఏంటే?" అన్నాను.

"అమ్మా, అరవకు. కదలకు. ఎలుగుబంటి."

దాని భుజం మీదుగా చూశాను. పదిహేను అడుగుల దూరంలో దారికి అడ్డంగా ఒక పుచ్చిన మాను పడి ఉంది. దాని అవతల నల్లగా, బీరువా అంత ఎలుగుబంటి. ముందరి కాళ్ళతో మానును చీల్చి, లోపల చీమల్ని కాబోలు, నాకుతోంది. ఆ గోళ్ళ కింద చెక్క పెళపెళమని విరుగుతున్న చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తూనే ఉంది.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. అయినా నేను చూసింది ఎలుగుబంటిని కాదు. మాను మీద, దాని మూతికి జానెడు దూరంలో, బుడంకాయ్ ఎర్ర టోపీ ఉంది.

"చెల్లి ఏదే?" అన్నాను.

"నీ దగ్గర లేదా?"

"నీ ముందు కదే నడుస్తోంది!"

"నేను పుట్టగొడుగు ఫొటో తీస్తుంటే టోపీలో ఎండుకాయలు ఏరుకుంటోంది. తర్వాత కనపడలేదు. నీ దగ్గరికే వచ్చిందనుకున్నానమ్మా..."

అలాంటప్పుడు ఎవరైనా ఏం చేస్తారో నాకు తెలియదు. నేను చేతనైనదే చేశాను. కళ్ళు ఎలుగుబంటి మీదే ఉంచి, చెయ్యి తల వెనక్కి ఎత్తి, "ఒకటి," అన్నాను.

"రెండు," అన్నాడు మా ఆయన వెనకనుంచి నీరసంగా. ఆయన మలుపు అవతలే ఉన్నాడు, ఆయనకింకా ఏమీ తెలియదు.

"మూడు," అంది పెద్దది ఊపిరితో. "అమ్మా, ఇప్పుడా!"

నాలుగు వేళ్ళు ఎత్తాను.

"నాలుగు!"

అడవంతా మారుమోగింది. చెట్ల మీద పిట్టలన్నీ ఒక్కసారి లేచిపోయాయి. ఎలుగుబంటి నాకడం ఆపి, తలెత్తి, రెండు కాళ్ళ మీద నిలబడింది. నిలబడితే అది మా ఆయనకన్నా ఎత్తు.

నేను ఐదు వేళ్ళూ చాపాను. ఎవరూ పలకలేదు. వేళ్ళు ముడిచి మళ్ళీ చాపాను. ఐదు పలకలేదు.

"పరిగెత్తకూడదు. వీపు చూపించకూడదు," పెద్దది నా చెయ్యి పట్టుకుని గుసగుసలాడుతోంది. "పెద్దగా కనిపించాలి, మెల్లగా మాట్లాడుతూ వెనక్కి వెళ్ళాలి. వెనక్కి, అమ్మా. వెనక్కి!"

"ఐదు రాలేదే."

"అమ్మా, నీకు దండం పెడతా, వెనక్కి రా."

రాలేదు. లాండ్రీలో ఒకటి తక్కువైతే మా సూపరువైజరమ్మే విసుగొచ్చి ఇక పొమ్మని తిట్టినా, నేను గుమ్మం దగ్గర నిలబడిపోతాను. ఆ మొండితనమే ఇక్కడా వచ్చిందనుకుంటాను. చంకలో దుప్పటి చుట్ట విదిలించాను. రెండు మూలలూ పట్టుకుని రెండు చేతులూ తల మీదికి ఎత్తాను. నేను అయిదడుగులు కూడా లేను, కానీ ఆసుపత్రి దుప్పటి పెద్దది. ఆ తెల్లటి గుడ్డ గాలికి పొంగి నా వెనక గోడలా లేచింది.

ఒక అడుగు వేశాను. వెనక్కి కాదు, ముందుకు.

"అయ్యా," అన్నాను ఎలుగుబంటితో. ఇంకేమనాలో తోచలేదు. "అయ్యా, నీ జోలికి నేను రాను. నీ చీమలు నువ్వు తిను. నా లెక్కలో ఒకటి తగ్గింది. అది దొరికేదాకా నేనిక్కణ్ణించి కదలను. ఏమనుకుంటావో అనుకో."

ఇంకో అడుగు. గొంతు, ఎందుకో, ఇంట్లో పాలవాడితో మాట్లాడినట్టు మామూలుగా వచ్చింది. "పిల్ల చిన్నదయ్యా. ఏడేళ్ళది. నీకూ పిల్లలుండే ఉంటారు."

ఎలుగుబంటి నన్ను చూసింది. దుప్పటిని చూసింది. ముక్కు పైకెత్తి గాలి పీల్చింది. బహుశా లాండ్రీ సబ్బు వాసన దానికి నచ్చలేదేమో, ముక్కులోంచి పెద్ద శబ్దం చేసి, ధబ్బుమని నాలుగు కాళ్ళ మీదికి దిగింది. అది పక్కకు తిరిగింది. ఏదో చిరాకుపడ్డ పెద్దమనిషి పంక్తిలోంచి లేచి వెళ్ళినట్టు, వెనక్కి ఒకసారి చూసి, పొదల్లోకి నడుచుకుంటూ వెళ్ళిపోయింది. కొమ్మలు విరిగిన చప్పుడు దూరమైంది, ఇంకా దూరమైంది, ఆగిపోయింది.

నేను మాను దగ్గరికి పరిగెత్తాను. టోపీలో ఎండుకాయలు అలాగే ఉన్నాయి. మాను అవతల చూశాను. పొదలు విడదీసి చూశాను. పిల్ల లేదు. టోపీ గుండెకు హత్తుకుని, ఎలుగుబంటి మళ్ళీ వస్తే రానీ అనుకుని, ఉన్న బలమంతా పెట్టి అరిచాను.

"ఐదు!"

వెనక ఎక్కడో చిన్న గొంతు. "అమ్మా... ఇప్పుడు మాట్లాడొచ్చా?"

తిరిగి చూస్తే మామయ్యగారి కోటు గుండీల మధ్యనుంచి రెండు కళ్ళు. ఒక బుగ్గ ఉబ్బి ఉంది. పిప్పరమెంటు.

నేను అక్కడే నేల మీద కూర్చుండిపోయాను. బుడంకాయ్ కోటులోంచి బయటికి వచ్చి నా దగ్గరికి పరిగెత్తింది. దాన్ని పట్టుకుని చేతులు, కాళ్ళు, చెవులు, జుట్టు, అన్నీ తడిమి చూశాను. అన్నీ ఉన్నాయి. టోపీ మాను మీద పెట్టేసి, నేను మేజోడు దులుపుకుంటుండగా పక్కనుంచి పొదల్లో దూరి తాతయ్య దగ్గరికి పిప్పరమెంటు కోసం వెళ్ళిందట.

"పలకలేదేమే! ఎందుకు పలకలేదు?"

"నువ్వే కదా, జంతువు కనిపిస్తే కిక్కురుమనకూడదన్నావు! ఊపిరి కూడా మెల్లగా తీశాను. తాతయ్యే అరిచేశాడు." మామయ్యగారి వైపు కోపంగా చూసింది. "తాతయ్యకి నియమాలు ఏవీ రావమ్మా."

రెండు జాగ్రత్తలూ నేను రాసినవే. ఆ రెండూ ఒకేసారి అవసరమైతే పిల్ల ఏది పాటించాలో పదకొండింటిలో ఎక్కడా రాయలేదు.

మామయ్యగారు మెల్లగా వచ్చి మాను మీద కూర్చున్నారు. ఆయన నా తల మీదుగా ఎలుగుబంటిని ముందే చూశారట. చూసిన క్షణంలోనే పిల్లను కోటులోకి లాక్కుని గుండీలు పెట్టేశారట. చేతులతో సైగలు చేస్తూ, "మరి నాకు చెప్పొద్దూ!" అని ఏడ్చాను.

"నీకు తెలుసనుకున్నానమ్మా," అన్నారాయన అమాయకంగా. "నీ లెక్క ఎప్పుడైనా తప్పిందా?"

అప్పటికి మా ఆయన సంచులతో సహా మలుపు తిరిగి వచ్చాడు. విరిగిన మాను, నేల మీద నేను, పొదకు చిక్కుకున్న దుప్పటి, ఏడుస్తూ నవ్వుతున్న పెద్దది. అంతా విన్నాక ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. నా పక్కన కూలబడి పిల్ల తల మీద చెయ్యి వేశాడు. తర్వాత, "అయితే ఎలుగుబంటిని అయ్యా అన్నావా?" అన్నాడు. "నన్ను పెళ్ళయ్యాక ఒక్కసారైనా అన్నావుటే?"

"మీరు చీమలు తిని బతకండి, అంటాను," అన్నాను. అందరం నవ్వాం. నవ్వుతుంటే కడుపు నొప్పి పుట్టింది, కళ్ళనీళ్ళు ఆగలేదు. నవ్వెందుకని అడగకుండా మామయ్యగారు కూడా మాతోపాటు నవ్వారు. ఆయన నవ్వు కూడా పక్క వీధికి వినిపించేదే.

మిగతా అరగంటా బుడంకాయ్‌ని మా ఆయన వీపు మీద ఎక్కించుకున్నాడు. చెట్లు పలచబడి రోడ్డు కనిపించేదాకా లెక్క నేను పిలవలేదు. పెద్దదే పిలిచింది. చెయ్యి పైకెత్తి, తాతయ్యకు కనిపించేలా వేళ్ళు చాపి, నాలుగుసార్లు పిలిచింది. ఐదోది ప్రతిసారీ అందరికన్నా గట్టిగా పలికింది.

బస్సులో ఇద్దరు ముగ్గురే ఉన్నారు. కిటికీలోంచి సాయంత్రపు ఎండ పడుతోంది. కూర్చోగానే నోరు అలవాటు కొద్దీ "ఒకటి" అంది. రెండు పలికింది. మూడు పలికింది. నాలుగు పలికేసరికి డ్రైవరు బ్రేకు మీద కాలేశాడు.

ఐదు పలకలేదు. నా ఒళ్ళో తల పెట్టుకుని అప్పటికే నిద్రపోయింది, ఎర్ర టోపీ కళ్ళ మీదికి జారి ఉంది. పెద్దది దాన్ని లేపబోయింది. నేను దాని చెయ్యి పట్టుకుని ఆపాను. చిన్నదాని వీపు మీద అరచెయ్యి పెట్టాను. అది పైకి లేచింది, కిందికి దిగింది. మళ్ళీ లేచింది.

"అయిదుగురం ఉన్నాం," అన్నాను. దుప్పటి నాలుగు మడతలు పెట్టి దాని మీద కప్పాను.