ఐదో పోర్టు

ఆయన గిన్నెలు కడుగుతానన్న రోజునే నాకు అనుమానం వచ్చింది. పెళ్ళయిన దగ్గర్నుంచీ సింకు ముందు నిలబడిన మనిషి కాదు. తాగిన గ్లాసుని సింకు పక్కన పెట్టి, అదేదో కడిగేసినట్టే వెళ్ళిపోతారు. అలాంటిది ఆ ఆదివారం మధ్యాహ్నం చొక్కా చేతులు పైకి మడుచుకుని వచ్చి, "నువ్వెళ్ళి నీ పని చూసుకో, ఇవి నేను కడుగుతాలే" అన్నారు. నీ పని! ఇన్నేళ్ళూ దానికి ఈ ఇంట్లో వేరే పేర్లుండేవి. ఆయన తనూ కోడ్ రాసే ఉద్యోగమే చేస్తూ "ఊళ్ళోవాళ్ళ చాకిరీ" అనేవారు, అత్తయ్య "ఆ టకటక" అనేది. ఆయన దాన్ని పని అనగా వినడం అదే మొదలు. వేరే ఎవరైనా అయితే మురిసిపోయేవారేమో. నేను మాత్రం స్పాంజి చేతికిచ్చి, ఈయనకి నాతో ఏం పనిపడిందా అనుకున్నాను.

ఆ పనేమిటో చెప్పాలంటే చెప్పుల స్టాండు మీదున్న పెట్టె గురించి చెప్పాలి. అది నెట్‌వర్క్ స్విచ్. ఆఫీసుల్లో, ఆసుపత్రుల్లో కంప్యూటర్ల వైర్లన్నీ ఇలాంటి పెట్టెలోకే వచ్చి, పోర్టులనే కంతల్లో చేరతాయి. ఎవరికి అందాల్సింది వాళ్ళకి అందించడం దాని పని. అందులోని చిప్‌తో ఆపరేటింగ్ సిస్టమ్ మాట్లాడాలంటే మధ్యలో డ్రైవర్ అనే కోడ్ ఉండాలి. అది కెర్నెల్‌లో, అంటే సిస్టమ్ గుండెకాయలో ఉంటుంది. ఆ డ్రైవర్ నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు రాసింది. పాప పుట్టాక ఉద్యోగం మానేశాను. మానేశాను అనడం నోటికి అలవాటైపోయింది గానీ, నిజానికి మానిపించారు. నా తర్వాత ఆ కంపెనీ డ్రైవర్‌ని గాలికొదిలేసింది. అది అందరికీ తెరిచి ఉన్న ఉచిత కోడ్ కాబట్టి నేను వదల్లేదు. ఎక్కడెక్కడివాళ్ళో దానికి మార్పులు రాసి ఈమెయిల్లో పంపుతుంటారు. పొయ్యి మీద పాలు పెట్టి, పాపకి జడ వేసి, అత్తయ్య మోకాలికి కాపడం పెట్టి, ఆ మధ్యలో దొరికిన సందులో కూర్చుని ఒక్కో లైనూ చదువుతాను. బాగుంటే తీసుకుంటాను, లేకపోతే ఎందుకు బాగాలేదో చెప్పి తిప్పి పంపుతాను. నేను సరే అనకుండా అందులో ఒక్క అక్షరం మారదు. ఈ ఇంట్లో కర్టెన్ల రంగు కూడా ఎవరూ నన్నడిగి మార్చలేదు. నా మాటకి విలువున్న చోటు ప్రపంచంలో అదొక్కటే.

అయినా ఇంట్లో నేను చేసేది కూడా ఆ పెట్టె పనేలెండి. తల్లీకొడుకులు ఎప్పుడో మాటా మాటా అనుకున్నారట. అప్పట్నుంచీ ఒకే బల్ల దగ్గర ఎదురెదురుగా కూర్చుని, "ఫ్యాను తగ్గించాలేమో అమ్మనడుగు" అని ఆయనా, "నాకేం చలిగా లేదని వాడితో చెప్పు" అని ఆవిడా. మధ్యలో నేను అటు చెప్పి, ఇటు చెప్పి, చివరికి ఫ్యాను కూడా నేనే తగ్గిస్తాను.

కొన్ని నెలలుగా ఒకాయన మార్పులు పంపుతున్నాడు. ప్రతి ఉత్తరంలోనూ దండాలే కాబట్టి నేనతనికి మర్యాదరావు అని పేరు పెట్టుకున్నాను. మొదట పంపినవి చక్కగా ఉన్నాయి, తీసుకున్నాను. తర్వాత తర్వాత అతని మర్యాద ఎక్కువైపోయింది. "మీకు ఇంటి బాధ్యతలతో తీరిక ఉండదని తెలుసు, కొంత బరువు నేను మోస్తాను" అని రాశాడు. నాకు ఇల్లుందని, బాధ్యతలున్నాయని అక్కడ ఎప్పుడూ ఎవరికీ చెప్పలేదు. ఆడపేరు చూసి అనుకున్నాడేమోలే అని సరిపెట్టుకున్నాను. సరిపెట్టుకోవడం మనకి కొత్తా?

ఆ ఆదివారం పొద్దున్న రెండు ఉత్తరాలొచ్చాయి. ఒకటి మర్యాదరావుది. ఐదో పోర్టు గురించి ఒక మార్పు, దానితోపాటు డ్రైవర్ బాధ్యుల దగ్గర నా పేరు తీసేసి తన పేరు పెట్టాలనే ఇంకో మార్పు. రెండోది ఇలాంటి డ్రైవర్లు చూసే మా అందరి మీదా ఉండే పెద్దాయనది. "ఈమధ్య మీ జవాబులు ఆలస్యమవుతున్నాయి. అతను ఓపికున్నవాడిలా ఉన్నాడు. అప్పగించేద్దామా? మీ మాట ఈరోజు చెప్పండి." పెద్దాయన తప్పేం లేదు. పాపకి జ్వరం వచ్చిన వారం నేను నిజంగానే ఎవరికీ జవాబివ్వలేదు. ఆ జ్వరం వారం ఈయన ఆఫీసు టూరులో ఉన్నారు.

వంటింట్లో నీళ్ళ చప్పుడు వింటూ బల్ల దగ్గర కూర్చుని ఐదో పోర్టు మార్పు తెరిచాను. ఈ రకం పెట్టెల్లో ఐదో పోర్టు లైటు వెలిగి ఆరి, వెలిగి ఆరి, చాలాసేపటికి గానీ నిలబడదనీ, అందుకని డ్రైవర్ ఆ ఒక్క పోర్టు కోసం ఎక్కువసేపు ఆగాలనీ రాశాడు. కోడ్ తప్పుగా లేదు. కానీ నాకు ఒళ్ళు మండుకొచ్చింది, ఎందుకో వెంటనే తెలియలేదు. ఈ పెట్టెలు వేల చోట్ల ఉన్నాయి. ఐదో పోర్టు మీద ఇన్నేళ్ళలో ఒక్క ఫిర్యాదు రాలేదు. చిప్‌కి నాలుగైనా ఐదైనా ఒకటే. ఐదు మాత్రమే మొరాయించే పెట్టె ఎక్కడుంటుంది?

చెప్పుల స్టాండు మీద ఉంటుంది.

లేచి వెళ్ళి చూశాను. మార్పులు పరీక్షించడానికి నేను ఎప్పుడూ రెండో పోర్టులో ఉంచే వైరు ఐదో దాంట్లో ఉంది. పెట్టె మీద చెయ్యి పెడితే వెచ్చగా ఉంది. ఆ రోజు నేను దాన్ని ముట్టుకోలేదు.

ఆ పోర్టు అలా ఎందుకైందో నాకు తెలుసు. పాపకి అప్పుడే నడక వస్తోంది. ఈయన ఫోన్లో మాట్లాడుతూ గదిలో పచార్లు చేస్తుంటే కాలికి వైరు తగిలింది. వైరుతోపాటు పెట్టె ఎగిరొచ్చి నేల మీద పడింది. ఐదో పోర్టు లోపలి సన్నటి తీగలు వంగిపోయాయి. ఈయన ఫోనుకి చెయ్యి అడ్డం పెట్టి, "దారికడ్డంగా ఈ చెత్తేమిటి?" అని కసిరి, మళ్ళీ నవ్వుతూ మాటల్లో పడ్డారు. "పొరపాటైందండీ" అన్నది నేను. పెట్టె పగలగొట్టింది ఆయన, పొరపాటైందన్నది నేను! ఆయనకి ఆ సంగతి గుర్తుండి ఉంటే ఈరోజు ఇలా దొరికేవారు కాదు. ఎవరిదో తప్పనుకుని, తను విరగ్గొట్టినదానికి తనే మందు రాసి పంపించుకున్నారు.

వంటింటి గుమ్మంలో నిలబడ్డాను. అత్తయ్య స్టూలు మీద కూర్చుని, గిన్నెలు తోముతున్న కొడుకుని వింతగా చూస్తోంది.

"ఐదో పోర్టులో వైరు పెట్టింది మీరేనా?" అన్నాను.

చేతిలో గిన్నె జారింది. "ఏ వైరు?" అన్నారు. అంటూనే కొళాయి కట్టేశారు. "అది కాదు, విను ముందు. మావాళ్ళు ఆ చిప్‌తో కొత్త పెట్టెలు చేస్తున్నారు. డ్రైవర్ మన మనిషి చేతిలో ఉంటే బాగుంటుందన్నారు. నేను చూసుకుంటానన్నాను."

"అది నా చేతిలోనే ఉందిగా. నేను మీ మనిషిని కానా?"

"ఆఫీసు సంగతులు నీకు తెలీవు. ఇంట్లో మా ఆవిడ చూసుకుంటుందని చెబితే నవ్వుతారు."

"మరి మీ పేరుతోనే పంపొచ్చుగా."

"నా పేరుంటే నువ్వు మొహమాటపడతావని..."

నాకు నవ్వొచ్చింది. "కాదు. మీ పేరుంటే నేను ఇంకాస్త గట్టిగా చూస్తానని."

"అయినా ఇప్పుడేం కొంప మునిగింది? నీకు బరువు తగ్గుతుందనే కదా చేసింది!"

"బరువంటే అవి" అని సింకు చూపించాను. "అవి దించండి. నేను మోయలేకపోతున్నానని మీతో చెప్పుకున్నది వాటి గురించి. దాని గురించి ఎప్పుడూ చెప్పలేదు."

అప్పుడర్థమైంది నాకు. ఇన్నాళ్ళూ ఈయనకి దాని విలువ తెలియదనుకుని బాధపడ్డాను. తెలుసు. తన ఆఫీసులో నలుగురూ అడిగేంత విలువుందని తెలిసిన రోజున కూడా, నీ దగ్గర మంచిదేదో ఉందని చెప్పలేదు. దొంగపేరు పెట్టుకుని, గిన్నెలు అడ్డం పెట్టుకుని తీసుకోబోయారు. ఏడుపొచ్చింది. వచ్చి బల్ల దగ్గర కూర్చున్నాను.

పెద్దాయనకీ, మర్యాదరావుకీ, డ్రైవర్ ఉత్తరాలు అందుకునే జాబితాలో ఉన్న అందరికీ వెళ్ళేలా జవాబు రాశాను. "ఈ మార్పులు రెండూ తీసుకోవడం లేదు. ఐదో పోర్టు ఇలా ఉండే పెట్టె ఒక్కటే ఉంది, అది మా ఇంట్లో ఉంది. లోపం డ్రైవర్‌ది కాదు. కాలు తగిలి పెట్టె కింద పడింది. మర్యాదగల రచయితగారూ, తగిలిన కాలు మీదే. ఆలస్యాలకి నన్ను మన్నించండి, ఇక మీదట ఉండవు. ఈ డ్రైవర్ చూసేది నేనే." కింద నా పూర్తి పేరు, కోడ్‌లో ఉన్న పెళ్ళికి ముందు పేరే, రాసి పంపించేశాను.

వంటింట్లో గట్టు మీద ఆయన ఫోను టింగుమంది. నురగ చేతులు ప్యాంటుకి తుడుచుకుని తెరిచారు. చదువుతూ చదువుతూ గోడకి ఆనుకున్నారు.

"ఏమైంది వీడికి?" అంది అత్తయ్య, కొడుకు వైపు చూస్తూ నాతో. "మొహం అలా పెట్టాడు, ఏమైందో కనుక్కో అమ్మాయ్."

ఆయన ఫోన్లోంచి తలెత్తకుండానే, "ఏం లేదని అమ్మకి చెప్పు" అన్నారు.

ఇద్దరూ నా వైపు చూశారు, ఎప్పట్లాగే. నేను వెళ్ళి ఐదో పోర్టులోంచి వైరు ఊడదీసి, రెండో పోర్టులో పెట్టుకున్నాను.

"మీ అమ్మగారు పక్కనే ఉన్నారు" అన్నాను. "ఏమైందో మీరే చెప్పండి."