తప్పు పుట్టిన కాగితం

తమ్ముడు పోయిన రోజు లెక్కల టీచరు ఎనిమిదో తరగతి జవాబు పత్రాలు దిద్దుతోంది. ముప్పై ఒకటో పత్రం సగంలో ఉండగా ఫోన్ మోగింది. అవతల ఎవరో ఆడపిల్ల గొంతు. "అక్కా, మీరు ఒకసారి ఆసుపత్రికి రావాలి" అని ఆసుపత్రి పేరు చెప్పింది. నువ్వెవరివని అడిగేలోపే పెట్టేసింది. టీచరు ఎర్ర పెన్నుకు మూత పెట్టి, పత్రాలకు రబ్బరు బ్యాండు వేసి, హెడ్మాస్టరుకు చెప్పి బయల్దేరింది. ఆమె వెళ్ళేసరికే అంతా అయిపోయింది. యూనివర్సిటీ ల్యాబు మెట్ల మీద కూలిపోయాడట. గుండె అన్నారు. వాడికి ఇరవై తొమ్మిదేళ్ళు.

తరవాతి రోజుల్లో ఆమెకు అన్నిటికన్నా ఎక్కువగా గుర్తొచ్చింది ఆ ఫోనే. లోకంలో ఆమెను అక్కా అని పిలిచే మనిషి ఒక్కడే ఉండేవాడు. వాడు లేడని చెప్పడానికి ఇంకెవరో వాడి పిలుపే వాడుకున్నారు.

నాలుగో రోజు యూనివర్సిటీ కవరు వచ్చింది. తమ్ముడు ఆ ల్యాబులో తాత్కాలిక ఉద్యోగి. నాలుగేళ్ళ పాటు నెలనెలా భత్యం ఇచ్చి పీహెచ్‌డీ చేయించే స్కాలర్‌షిప్పు కోసం మూడేళ్ళుగా కాళ్ళరిగేలా తిరిగాడు. వాళ్ళ డిపార్టుమెంటుకు ఏడాదికి వచ్చేది ఒక్కటే. ఈసారి లిస్టులో మొదటి పేరు వాడిది. పక్కన వాడి పరిశోధనాంశం: రేకుల షెడ్లలో వేడి, అక్కడ పనిచేసేవాళ్ళ ఆరోగ్యం. దాని కింద వెయిటింగ్ అని ఒక అమ్మాయి పేరు, పక్కన ఇటుకల గురించి ఇంకేదో అంశం. అమ్మ ఆ ఉత్తరాన్ని పలకరించడానికి వచ్చిన ప్రతివాళ్ళ చేతా చదివించుకుంది. చదువురాని మనిషి కాదు. వేరే గొంతుల్లో వినాలనిపించేదేమో.

వారం తిరిగాక ఆ రెండో పేరు గల అమ్మాయే గుమ్మంలోకి వచ్చింది, తమ్ముడి సంచి భుజాన వేసుకుని. "నేనేనక్కా ఆ రోజు పక్కనుండి ఆటోలో తీసుకెళ్ళింది, మీకు ఫోన్ చేసింది" అంది. ల్యాబులో తామిద్దరిదీ ఒకే బల్ల అనీ, మిగిలిన వస్తువులు తెచ్చాననీ చెప్పింది. అమ్మ సంచి అందుకుని ఒళ్ళో పెట్టుకుంది. ఆ పిల్ల మంచినీళ్ళు తాగి, ఖాళీ గ్లాసు అటూ ఇటూ తిప్పుతూ చాలాసేపు కూర్చుంది. చివరికి సంచిలోంచి కాదు, తన ఫైల్లోంచి ఒక కాగితం తీసింది.

రూలు ఇదీ. ఎంపికైన మనిషి పదిహేను రోజుల్లో చేరాలి, లేదంటే సీటు వదులుకుంటున్నానని రాసివ్వాలి. రెండూ జరక్కపోతే ఆ ఏటికి స్కాలర్‌షిప్పు మురిగిపోతుంది. వెయిటింగులో ఉన్నవాళ్ళకూ దక్కదు. ఎంపికైన మనిషి బతికి లేకపోతే ఇంటివాళ్ళు సంతకం పెట్టి, మరణ ధ్రువపత్రం జత చేయాలి. వచ్చే శుక్రవారం ఆఖరు.

"ఇది అడగడానికి సిగ్గుగానే ఉందక్కా. వచ్చే ఏడు అప్లై చేద్దామంటే వయసు దాటిపోతుంది."

టీచరు కాగితం తీసుకుంది. చూస్తానంది. చేస్తాననలేదు.

ఆ పిల్ల గేటు దాటకముందే టీచరు మనసులో కూడికలు మొదలయ్యాయి. వాడు పడిపోయినప్పుడు పక్కనున్నది ఈమె. కబురు చెప్పింది ఈమె. వాడి సంచి ఇన్నాళ్ళూ ఈమె దగ్గరే ఉంది. వాడు పోతే లాభపడేది లోకంలో ఒక్క మనిషి, ఆ మనిషీ ఈమే. కూడితే ఏమొస్తుందో ఆమెకు తెలీదు. కానీ కూడకుండా ఉండలేకపోయింది.

ఆమె భర్త కరెంటు మీటర్ల రీడింగు తీసే మనిషి. రోజుకు నూటయాభై గుమ్మాలు ఎక్కి దిగుతాడు కాబట్టి మనుషుల్ని తేలిగ్గా నమ్ముతాడు. "నువ్వు ఇన్విజిలేటరు కళ్ళతో చూస్తే గోడ మీద బల్లి కూడా చీటీలు పెట్టుకున్నట్టే ఉంటుంది. సంతకం పడేయ్" అన్నాడు. ఆ పిల్లకు అప్పటికే రెండో నంబరు అని పేరు పెట్టేశాడు. రెండో నంబరు టీ తాగకుండా పోయిందే అని కూడా నొచ్చుకున్నాడు.

ఆదివారం పొద్దున అమ్మ కునుకు తీస్తుండగా టీచరు సంచి విప్పింది. టిఫిన్ డబ్బా, కడిగి ఉంది. ఎవరు కడిగారో. ఒక థర్మామీటరు, మడత పెట్టిన తువ్వాలు, వాడు యూనివర్సిటీకి ఇచ్చిన పరిశోధన ప్రతిపాదన తాలూకు టైపు కాపీ. దాన్ని నెమ్మదిగా, గర్వంగానే చదివింది. మూడో పేజీలో పట్టిక వచ్చింది. మిట్టమధ్యాహ్నం అయిదు షెడ్లలో వేడి ఎంతుందో కొలిచిన అంకెలు: టైలరింగ్ గది 34, పిండిమర 36, వెల్డింగ్ షెడ్డు 37, లాండ్రీ 38, బేకరీ 38. సగటు 38.6 అని ఉంది.

అంకెలు కనబడితే కూడకుండా పేజీ తిప్పడం ఆమె వల్ల కాదు. మొత్తం 183. అయిదుతో భాగిస్తే 36.6. ఇంకోసారి వేసింది. అంతే. అన్నిటికన్నా పెద్ద అంకె 38 అయినప్పుడు సగటు దాన్ని దాటి ఎలా పోతుంది? ఆమె చెవులు వేడెక్కాయి. వాడికి కూడికలు నేర్పింది తనే. సెలెక్షన్ కమిటీలో ఒక్కరూ చూడలేదంటే అదొక అదృష్టం.

సంచి లోపలి జిప్పు తీస్తే ఇంకో కాగితాల కట్ట ఉంది. పైన ఆ అమ్మాయి పేరు. అదే అంశం. అవే షెడ్లు, అవే అంకెలు. సగటు 38.6.

ఇరవై ఒక్క ఏళ్ళ ఉద్యోగంలో ఆమెకు బాగా తెలిసిన సంగతి ఒకటుంది. ఇద్దరు పిల్లలకు ఒకే ఒప్పు రావచ్చు, దాన్ని ఎవరూ అనుమానించరు. ఇద్దరికీ ఒకే తప్పు వచ్చిందంటే ఒకరు పక్కకు చూశారు. ఆ లెక్కన కథ చకచకా కళ్ళ ముందు కదిలింది. వీడు ఎండలో పడి కొలతలు తెచ్చాడు. ఆ పిల్ల ఎత్తి రాసుకుంది. వీడు పట్టుకుని నిలదీసి ఉంటాడు, ఆమె చివరి నిమిషంలో ఇటుకల మీదికి మారి ఉంటుంది. ఆ గొడవ జరిగింది మెట్ల మీద కాదని ఎవరు చెప్పొచ్చారు?

భర్తకు చెప్పింది. "దొంగే సొత్తు మోసుకొచ్చి ఇంట్లో ఇచ్చి పోతుందా?" అన్నాడతను. లోపలి జిప్పులో ఉంది, ఆమె చూసుకుని ఉండదంది టీచరు. వాళ్ళ మాటలు అమ్మ వినేసింది. "వాడి చెమట తాగింది చాలక ఇప్పుడు వాడి కుర్చీ కూడా కావాలా దానికి?" అని, అటు తిరిగి పడుకుంది. మురిగిపోతే పోనీ అని ఆ ఇంట్లో ఆ పూటకు తేలిపోయింది. ల్యాబులో వాళ్ళ గైడుకు ఫిర్యాదు రాయడానికి టీచరు తెల్ల కాగితం కూడా తీసింది.

రాయబోయి ఆగింది. కాపీ కేసుల్లో ఆమె ఎప్పుడూ తొందరపడి ఎరగదు. ఇద్దరినీ పిలిచి రఫ్ కాగితాలు అడుగుతుంది. సొంతంగా చేసినవాడి కాగితంలో తప్పుకు ఒక దారి ఉంటుంది. ఎక్కడ జారాడో వేలుపెట్టి చూపించవచ్చు. కాపీ కొట్టినవాడి దగ్గర దారి ఉండదు, తప్పు మాత్రం ఉంటుంది. ఇంతవరకూ ఈ పద్ధతి ఆమెను మోసం చేయలేదు. కానీ ఈసారి ఇద్దరిలో ఒకరిని పిలవడానికి వీల్లేదు.

రెండోవాళ్ళకు ఫోన్ చేసింది. రేకుల షెడ్ల రఫ్ పుస్తకం ఉంటే పట్టుకుని బుధవారం బడికి రమ్మంది. ఎందుకని ఆ పిల్ల అడగలేదు. అడగకపోవడం కూడా టీచరుకు అనుమానంగానే అనిపించింది.

బుధవారం ఆఖరి పీరియడు అయ్యాక స్టాఫ్ రూములో ఎవరూ లేరు. బీరువా మీద గ్లోబు, బల్ల నిండా నోటు పుస్తకాలు. ఆ అమ్మాయి ఒక పొడుగాటి పుస్తకం ముందు పెట్టి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. టీచరు పేజీలు తిప్పింది. పెన్సిలు రాత, సన్నగా, తొందరగా రాసినట్టు. మూలల్లో చెమట మరకలు. ప్రతి షెడ్డు పక్కనా గంట, నిమిషం, కప్పు ఎత్తు, లోపల ఎంతమంది ఉన్నారో. బేకరీ దగ్గర "ఓనరు బయటికి పొమ్మన్నాడు, మళ్ళీ వెళ్ళాను" అని ఒక ముక్క. ఆ కింద కూడిక.

4, 6, 7, 8, 8 కలిపితే 33. మూడు కింద వేసి, మూడు చేతిలో ఉంచుకోవాలి. పదుల గడి పైన ఆ పిల్ల చిన్నగా 4 అని వేసింది. పదుల్లో పదిహేనూ నాలుగూ పందొమ్మిది. 193. దాన్ని అయిదుతో భాగిస్తే 38.6.

టీచరు ఆ చిన్న నాలుగు మీద వేలు పెట్టి ఉంచింది. తప్పు పుట్టిన చోటు అది. టైపు కాగితాలు రెండూ దీని తరవాతవే.

పేజీ పైన తేదీలు ఉన్నాయి. వేసవి సెలవుల్లో వరసగా మూడు రోజులు. ఆ తేదీలు ఆమెకు గుర్తు పెట్టుకోవాల్సిన పని లేదు. ఆ వారమంతా తమ్ముడు కాలు బెణికి, కట్టుతో తమ ఇంటి ముందుగదిలోనే ఉన్నాడు. మంచం మీద కూర్చుని బావతో క్యారమ్స్ ఆడాడు. గెలవడానికి తొండి చేశాడు. పట్టుబడితే, "అక్కకి చెప్పకు బావా" అన్నాడు.

"ఇవి కొలిచిందెవరు?" అని అడిగింది.

ఆ పిల్ల సూటిగా ఆమె కళ్ళలోకి చూసింది. "ఇద్దరం కలిసే కొలిచామక్కా. తను చూసి చెప్పేవాడు, నేను రాసేదాన్ని."

అబద్ధం చెప్పే పిల్లల్ని టీచరు చాలామందిని చూసింది. తమను కాపాడుకోవడానికి చెప్పేవాళ్ళ చూపు నేల మీదో గోడ మీదో ఉంటుంది. పక్కవాణ్ణి కాపాడాలని చెప్పేవాళ్ళు మాత్రం ఇలాగే సూటిగా చూస్తారు.

"ఈ కూడికలో తప్పుంది" అంది, పుస్తకం అటు తిప్పి.

ఆ అమ్మాయి వంగి చూసింది. పెదవులు కదిలాయి. ఒకటికి రెండుసార్లు వేసుకుంది. "నిజమే. ఇన్నాళ్ళూ చూసుకోలేదు."

"వాడూ చూసుకోలేదు" అంది టీచరు.

బయట వాచ్‌మన్ తరగతి గదులకు ఒక్కొక్కటే తాళం వేస్తున్నాడు. ఎండలో తిరిగి తెచ్చిన పని వేరే వాళ్ళ పేరుతో ముందే ఆఫీసుకు చేరిపోయిందని ఈ పిల్లకు ఎప్పుడు తెలిసిందో, చివరి నిమిషంలో ఇటుకల మీద ఇంకోటి ఎలా రాసుకుందో, అన్నీ తెలిసీ ఆ రోజు అతన్ని ఆటోలో ఎక్కించుకుని ఎలా పోయిందో టీచరు అడగాలనుకుంది. అడిగితే ఆ పిల్ల ఇంకో అబద్ధం వెతుక్కోవాలి. అందుకని తన చేతిసంచిలోంచి ఆ సీటు కాగితం తీసి, సంతకం పెట్టి, ధ్రువపత్రం నకలు జత చేసి గుండుసూది గుచ్చింది. ఆ పిల్ల రెండు చేతులతో అందుకుంది. వెళ్ళొస్తానక్కా అంది. ఈసారి ఆ పిలుపుకు టీచరు తలూపింది.

ఇంటికొచ్చి భర్తతో, తను వేసిన లెక్క తప్పిందని మాత్రం చెప్పింది. "నీ లెక్క తప్పడమా? పేపర్లో వేయించాలి" అన్నాడతను. ఎక్కడ తప్పిందో అతను అడగలేదు, ఆమె చెప్పలేదు. అమ్మకు సంతకం సంగతి చెబితే రెండు రోజులు మాట మానేసింది.

సోమవారం సాయంత్రం గైడు ఫోన్ చేశాడు. మర్యాదస్తుడు, ఒక్కో మాటా కూడబలుక్కుని మాట్లాడాడు. ఆ అమ్మాయి చేరిందని చెప్పాడు. సంతకం పెట్టినందుకు కృతజ్ఞతలు చెప్పాడు. మీ తమ్ముడి అంశం కమిటీకి చాలా నచ్చింది, వృథా కానివ్వడం మాకు ఇష్టం లేదు, అందుకని ఆ అమ్మాయి చేత ఇటుకలు మాన్పించి దాని మీదే చేయిస్తున్నాం అన్నాడు. గ్రంథం మొదటి పేజీలో ఈ ఆలోచన మీ తమ్ముడిదని, ఆ కొలతలు అతనివని అచ్చువేస్తాం. ఆ అమ్మాయి ఒప్పుకుంది అన్నాడు.

ఫోన్ స్పీకరులో ఉంది. అమ్మ లేచి కూర్చుంది. "పుస్తకంలో వేస్తారటే, వాడి పేరు?" అంది. వాడు పోయాక ఆమె ముఖంలో వెలుగు కనిపించడం అదే మొదలు. కళ్ళు తుడుచుకుంటూ, ఆ పిల్ల మంచిదే, మనమే నోరు పారేసుకున్నాం, ఒకరోజు భోజనానికి పిలువు అంది.

టీచరు ఫోన్ చేతిలో పట్టుకుని అమ్మ ముఖంలోకే చూస్తోంది. గైడు హలో హలో అన్నాడు. "మంచిదండీ" అంది.

అది జరిగి రెండు నెలలు కావస్తోంది. ఎనిమిదో తరగతి పత్రాలన్నీ ఇచ్చేసింది. ఆ అమ్మాయి రెండుసార్లు భోజనానికి వచ్చింది. వచ్చినప్పుడల్లా అమ్మ ఆమెకు తమ్ముడి చిన్నప్పటి సంగతులు చెబుతుంది, ఆమె వింటుంది. షెడ్లలో మళ్ళీ కొలుస్తోందట, ఈసారి పన్నెండు. టీచరు ప్రతి ఆదివారం తెల్ల కాగితం తీసి, తేదీ వేసి, గౌరవనీయులైన అని రాస్తుంది. పక్కగదిలో అమ్మ దగ్గు వినిపిస్తుంది.

ఆ ఆలోచన, ఆ కొలతలు ఆ అమ్మాయివేనని గైడుకు రాయాల్సిన ఉత్తరం ఇంకా రాయలేదు.