బొట్టు పెట్టిన గైరోస్కోపు

నేను ఒక గైరోస్కోపును. ఆకాశంలోకి దూసుకుపోయే క్షిపణి దిక్కు తప్పకుండా చూడటం నా పని. చూడవలసి ఉండింది అనాలి. ఎందుకంటే నేను ఎగరలేదు.

హైదరాబాదు శివార్లలో, గేటు మీద పేరు కూడా సరిగా కనబడని ఒక సర్కారు ప్రయోగశాలలో నన్నూ నా తమ్ముణ్ణీ తయారుచేశారు. మాలాంటివాళ్లను జంటగానే చేస్తారు. మెరుగైనది ఎగురుతుంది, రెండోది బీరువాలో ఉంటుంది. మెరుగైనదాన్ని నేనే. గొప్పలు పోవడం లేదు, పరీక్షల్లో తేలిన మాట.

మమ్మల్ని చేసిన సుగుణ, బాలానగర్‌లో లేతు మిషను నడిపే వీరాచారి కూతురు. ఇక్కడి పని సంగతి ఇంట్లో చెప్పకూడదని రూలు. చెప్పలేనివన్నీ ఆమె నాకు చెప్పుకునేది.

"మా బాపు మల్ల అడిగిండు, ఏం పని జేస్తవు బిడ్డా అని. ఆఫీసు పని అన్న. గింత చదివి గుమాస్తా పనా అని అన్నం సగంల లేచిండు."

ఆయనకు ఒక్కసారి నన్ను చూపించాలని ఆమె ఆశ. నిజం చెప్పాలంటే నా ఆశ కూడా అదే.

ఆ దసరాకు ఆయుధపూజ చేశారు. తలకు టోపీ, కాళ్లకు తొడుగులు లేనిదే మనుషుల్ని రానివ్వని గదిలోకి కుంకుమ భరిణె మాత్రం దర్జాగా వచ్చేసింది. వాళ్ల నాన్న లేతుకు పెట్టినట్టే సుగుణ నాకు పసుపు అడ్డంగా గీసి, మధ్యలో కాకుండా గీత కొసన కుంకుమ అద్దింది. అప్పటికి నా మూత ఇంకా బిగించలేదు. చిటికెడు కుంకుమ బేరింగులోకి జారింది.

ఆ తర్వాత తిరిగితే చాలు, నాకు వణుకు. విచారణకు పెద్దసార్లు వచ్చారు. లోపల ఎర్రటి పొడి ఉందనీ, ఎక్కడిదో తెలియదనీ తేల్చారు. ఒక్కొక్కరి నుదుటా ఇంతేసి బొట్టు. సుగుణ నోరు తెరవబోతే ఒక సారు "ఊకో అమ్మా" అన్నాడు.

నా బదులు తమ్ముడు ఎగిరాడు. వాడిప్పుడు బంగాళాఖాతం అడుగున ఉన్నాడు. వాడి మీద నాకు కుళ్లు లేదంటే అబద్ధం. సుగుణను వేరే విభాగానికి మార్చారు. ఏళ్లతరబడి ఆ బీరువాలో నాతో ఒక్క మాట మాట్లాడిన దిక్కు లేదు.

ఈమధ్య ఉద్యోగుల కుటుంబాలు చూడటానికి నన్ను అద్దాలపెట్టెలో పెట్టారు. పలక మీద నా పేరు మూడు భాషల్లో ఉంది. చేసినవాళ్ల పేరు ఏ భాషలోనూ లేదు. అది ఇప్పటికీ చెప్పకూడదట.

సుగుణ వెంట వీరాచారి కర్ర పట్టుకుని వచ్చాడు. అందరూ పెద్ద క్షిపణి బొమ్మ దగ్గర ఫొటోలు దిగుతున్నారు. ఆయనా అటే పోతూ నా ముందు ఆగాడు. నా మరల సందులో తుడిచేవాళ్లకు అందని పసుపు గీత, దాని కొసన ఎండిన ఎర్రచుక్క. వంగి చాలాసేపు చూశాడు.

"ఇది ఎవలు జేసిండ్రు బిడ్డా?"

"తెల్వది బాపూ," అంది సుగుణ, నేలచూపులు చూస్తూ.

ఆయన కూతురి ముఖంలోకి చూశాడు.

"మంచిది బిడ్డా. ఇగ అడుగ."

భుజం మీది తువ్వాలతో, లేతును తుడిచినట్టు నా అద్దాన్ని తుడిచి, ఆమె చెయ్యి పట్టుకుని బయలుదేరాడు. సుగుణ ఒక్కసారైనా వెనక్కి తిరుగుతుందేమోనని తలుపుదాకా చూశాను. తిరగలేదు. ఇక నాతో చెప్పుకోవలసిన మాట ఆమెకేమీ మిగల్లేదు.