పదిహేను రోజుల పెట్టె

సోమవారం వచ్చిన పాలాయన ఇంకా మా గేటు దగ్గరే ఉన్నాడు. మంగళవారం పాలాయన అతని పక్కన, బుధవారం, గురువారం పాలాయనలు వాళ్ళిద్దరి వెనకా నిలబడి ఉన్నారు. ఇవాళ్టి పాలాయన క్యానుతో వచ్చి వరస చివర చేరతాడు. అందరూ ఒకే మనిషి కాబట్టి గొడవలేమీ లేవు.

తప్పు మాదే. సోమవారం పొద్దున్న ముహూర్తం బాగుందని ఇంటి చుట్టూ నాలుగు కెమెరాలు బిగించాం. అవి చూసింది దాచుకునే రికార్డరు పెట్టె కొనేలోపు వర్జ్యం వచ్చింది. వర్జ్యంలో కొన్నది కలిసిరాదని మా ఆవిడ సత్యవేణి అంది, నేనూ సరేనన్నాను. కెమెరాలు మాత్రం చూస్తూనే ఉన్నాయి. చూసింది పోవడానికి చోటు లేదు. అందుకని వాకిట్లోనే ఉండిపోతోంది.

కాకినాడలో మాది చిన్న వాకిలి. అందులో ఇప్పుడు పాలవాళ్ళు కాక మా బావమరిది సూరిబాబు, ఒక దొంగ, రోజుకొక సత్యవేణి, రోజుకొక పేర్రాజు ఉన్నారు. పేర్రాజు అంటే నేనే.

దొంగ బుధవారం మధ్యాహ్నం మేం కునుకు తీస్తుండగా గోడెక్కాడు. అసలువాడు ఎప్పుడో వెళ్ళిపోయాడు. వీడు మాత్రం ఒక కాలు ఇటు, ఒక కాలు అటు వేసుకుని గోడ మీదే కూర్చున్నాడు. కాఫీ ఇస్తే తాగి, కప్పు భద్రంగా తిరిగి ఇస్తాడు.

సోమవారం సత్యవేణి పెరటి కెమెరా ఎదుట ఉంది. కెమెరా పనిచేస్తోందో లేదో చూద్దాం, ఒకసారి నడవమంటే, కొంగు నడుముకి దోపి పోలీసు కవాతు చేసి, సెల్యూట్ కొట్టి, నవ్వు ఆపుకోలేక చతికిలబడింది. ఇప్పటికీ నవ్వుతూనే ఉంది. పక్కన సోమవారం పేర్రాజు కూడా నవ్వుతున్నాడు. వాణ్ణి చూస్తే నాకు కడుపుమంట.

మంగళవారం పేర్రాజు వసారాలో ఉన్నాడు. సూరిబాబు భుజం తట్టి ఒకటే మాట చెబుతుంటాడు. "వంటింటికి కెమెరా దండగోయ్. మీ అక్క పులుసు వాసన తగిలిందంటే దొంగే వెళ్ళి పోలీసులకి లొంగిపోతాడు." సూరిబాబు పకపకా నవ్వుతాడు. మంగళవారం సత్యవేణి గరిటె పట్టుకుని గుమ్మంలో నిలబడి వింటుంది. మళ్ళీ మొదటినుంచి. మాటలో అబద్ధమేమీ లేదనే ఇప్పటికీ నా అభిప్రాయం. కానీ పొద్దస్తమానం వినాలంటే నాకే తల తిరుగుతోంది.

ఇవాళ్టి సత్యవేణి, అంటే అసలు సత్యవేణి, నాతో మాట్లాడడం లేదు. చెప్పాల్సిందేదైనా బుధవారం పేర్రాజుకి చెబుతుంది. వాడు నెత్తిమీదున్న కళ్ళజోడు కోసం ఇల్లంతా వెతుకుతూ, మధ్యలో నా దగ్గర ఆగి ఆ మాట అప్పజెప్పి పోతాడు. సంసారం ఇలా నడవదు. ఆమె నాతో నేరుగా ఒక్క మాట మాట్లాడితే చాలు, బాబ్జీ చూపించిన పెట్టె ఏదైనా కొనేస్తాను.

బాబ్జీ కెమెరాల షాపాయన. మూడు పెట్టెలు బండికి కట్టుకుని వస్తాడు, పాలవాళ్ళని తప్పుకోమని బండి నిలబెడతాడు.

"మూడు రకాలండి. ఇది మూడ్రోజులు గుర్తెట్టుకుంటాదండి. ఇది పదిహేను రోజులండి. ఇదేమో ఎప్పటికీ మర్చిపోదు గానీ, సరుకు మనకాడ ఉండదండి. ఎక్కడో పరాయి ఊళ్ళో దాస్తారు."

బుధవారం పేర్రాజు తడుముకుంటూ వస్తాడు. "పరాయి ఊళ్ళో ఇంతమందికి అన్నం ఎవరు పెడతారని అడుగుతోంది."

"పెట్టరండి," అని ఒప్పుకుని బాబ్జీ మూడో పెట్టెని మళ్ళీ బండికి కట్టేస్తాడు.

గోడ మీది దొంగ గొంతు సవరించుకుంటాడు. "నన్నడిగితే మూడ్రోజులదే మేలండి. మనిషన్నాక మర్చిపోవాలి కదండి."

తీసిపారేసే మాట కాదు. ఇవాళ శుక్రవారం. ఆ పెట్టె పెడితే మంగళవారం పేర్రాజు నోరు సాయంత్రానికల్లా మూతపడుతుంది. చెయ్యి చాచబోతుండగా పెరట్లోంచి నవ్వు వినిపిస్తుంది. మంగళవారం కంటే ముందు పోయేది సోమవారమే. నాకు దుఃఖం వస్తుంది. చెయ్యి వెనక్కి తీసుకుంటాను.

సత్యవేణికీ అదే తోచినట్టుంది. బుధవారం పేర్రాజు మళ్ళీ వస్తాడు. "నవ్వింది ఉంచి, అన్నది తీసేసే పెట్టె ఉందేమో కనుక్కోమంది."

బాబ్జీ తల గోక్కుంటాడు. "అలా ఏరడం పెట్టెకి రాదండి. ఏరుకోవడం మనుషుల పని. పెట్టెకి రోజులే తెలుసండి."

అందరిలాగే మేమూ నడిమిది తీసుకుంటాం.

పెట్టెని టీవీ పక్కన పెట్టి వైరు తగిలించగానే వాకిట్లోవాళ్ళు హాల్లోకి వచ్చి వరస కడతారు. పాలవాళ్ళు క్యాన్లతో సహా ముందు వెళతారు. దొంగ గోడ దిగి, తిమ్మిరెక్కిన కాలు విదిలించుకుని, కాఫీ బాగుందని చెప్పి వెళతాడు. సూరిబాబు లోపల ఏసీ ఉందా అని వాకబు చేసి మరీ వెళతాడు.

మా వంతు వచ్చేసరికి బాబ్జీ చెయ్యి అడ్డం పెడతాడు. "మనిషికి ఒక్క లైవే ఉండాలండి. లైవు ఇంట్లో ఉంటారు, మిగతావోళ్ళు రికార్డింగు కింద లోపలికెళ్ళాలి. పేర్రాజుగారూ, మీలో లైవెవరండి?"

పేర్రాజులందరం చెయ్యెత్తుతాం.

"మీ మాట చెల్లదండి. ఎవరికి వారు నేనే అంటారు. అమ్మగారు చెప్పాలి."

మమ్మల్ని గోడ వారగా నిలబెడతారు. నాకు భయం వేస్తోంది. సత్యవేణి బుధవారం పేర్రాజు నెత్తిమీది కళ్ళజోడు తీసి ముక్కు మీద పెడుతుంది. అలిగి గోడవైపు తిరిగిన గురువారం పేర్రాజుని తట్టి చూసి వదిలేస్తుంది. మంగళవారం పేర్రాజు "వంటింటికి కెమెరా" అని మొదలుపెడతాడు. ఆమె ఆగదు.

నా ముందు ఆగుతుంది. నేను ఒక్క మాట అంటే సరిపోతుంది, ఆ మాటేమిటో నాకు తెలుసు. అది గొంతుదాకా వచ్చి అక్కడ పీట వేసుకుని కూర్చుంటుంది.  ఆమె వెళ్ళి సోమవారం పేర్రాజు చొక్కా కాలరు సర్దుతుంది.

"ఈయన," అంటుంది.

వాడు నవ్వుతూనే నా జేబులోంచి తాళంచెవులు తీసుకుంటాడు. నేను చెప్పులు విప్పుతాను.

"ఉండండి," అంటాడు బాబ్జీ. "అమ్మగారిలో లైవెవరో మీరు చెప్పాలండి. చెప్పి దిగండి."

నిజం చెబితే సరిపోతుంది. ఇదిగో ఈవిడే అంటే ఆమె ఇల్లు ఆమెకుంటుంది. సోమవారం పేర్రాజు నాకంటే మంచివాడు, పులుసు గురించి ఏమీ అనడు. కానీ ఆమె లేకుండా పదిహేను రోజులు కాదు, పూట కూడా నాకు చేతకాదు. నేను నవ్వుతున్న సోమవారం సత్యవేణి వైపు వేలు చూపిస్తాను.

"ఆవిడ."

ఇవాళ్టి సత్యవేణి నన్ను ఎగాదిగా చూస్తుంది. నా చెప్పుల పక్కన తన చెప్పులు విప్పుతుంది.

పెట్టె లోపల పొడవాటి వరండా, గోడ వారగా ఒక బల్ల. మిగతావాళ్ళంతా ఎవరి రోజు గదిలోకి వాళ్ళు వెళ్ళిపోయారు. ఇద్దరం కూర్చుంటాం. బయట వాళ్ళిద్దరూ నవ్వుకుంటూ తలుపు గడియ వేయడం వినిపిస్తుంది.

"స్టవ్ కట్టారా?" అంటుంది సత్యవేణి. మధ్యలో ఎవరూ లేరు. నన్నే అడుగుతోంది.

"వాళ్ళు చూసుకుంటారులే."

"పులుసులో ఉప్పెయ్యలేదు."

"వెయ్యకపోయినా బాగుంటుంది."

"అబద్ధం."

"అబద్ధమే," అంటాను. ఆమె కొంచెం జరిగి నాకు చోటిస్తుంది.

వరండా అటు చివర పదిహేనో రోజు పనిమనిషిలా గొంతుక్కూర్చుని, తడిగుడ్డతో నేల తుడుచుకుంటూ వెనక్కి వెనక్కి మావైపే వస్తోంది. తుడిచిన చోట నేల ఉండడం లేదు. గుడ్డ దగ్గరికి వచ్చేసరికి సత్యవేణి రెండు కాళ్ళూ బల్ల మీదకి ముడుచుకుని, నన్ను మోచేత్తో పొడుస్తుంది. నేనూ ముడుచుకుంటాను. పదిహేనో రోజు బల్ల కింద కూడా శుభ్రంగా తుడిచి, తలెత్తకుండా అలాగే వెనక్కి జరుగుతూ పోతుంది.

"ఆరేదాకా దిగకండి," అంటుంది పోతూ పోతూ.