చెంప సాక్ష్యం

టబ్బులో నీళ్ళు అప్పటికే బురద రంగుకి తిరిగాయి. రాహేలు కుచ్చెళ్ళు మోకాళ్ళ మధ్య బిగించి, ముక్కాలిపీట మీద కూర్చుని, అరిగిపోయిన టూత్‌బ్రష్షుతో రాళ్ళ సందుల్లోంచి దుమ్ము తీస్తోంది. యూనివర్సిటీలో రాళ్ళ మ్యూజియానికి వేసవి సెలవుల్లో జరిగే పని ఇది. ఒక్కో అద్దాల బీరువా ఖాళీ చేయాలి. రాయి కడగాలి, పాత తువ్వాలు మీద ఆరబెట్టాలి, నంబరు చూసి ఎక్కడిది అక్కడ పెట్టాలి. ఇరవై మూడేళ్ళుగా చేస్తోంది. వేళ్ళ చివర్లు నాని, తెల్లగా ముడుచుకుని ఉంటాయి. ఆదివారం కూడా ఆ ముడతలు పూర్తిగా పోవు.

ఏడో తరగతితో ఆగిపోయిన చదువు. రాళ్ళ పేర్లు పుస్తకంలో చూసి నేర్చుకున్నది కాదు, చేత్తో ఎరిగింది. స్ఫటికమైతే తుడిచాక ఒకసారి చెంపకు ఆనిస్తుంది. బయట ఎంత ఎండ కాసినా అసలుది చల్లగా తగులుతుంది, ఆ చల్లదనం కాసేపు నిలుస్తుంది. గాజైతే ఇట్టే వెచ్చబడుతుంది.

పదకొండింటికి గుర్తొచ్చి టిఫిను సంచిలోంచి రుమాలు మూట తీసింది. పక్కింటి గౌరమ్మ స్ఫటిక మాల. దారం తెగిందని, "మీవాడికిచ్చి గుచ్చించు మే" అని పొద్దున గేటు దగ్గర చేతిలో పెట్టింది. గౌరమ్మది కర్నూలు. భర్త ఇదే యూనివర్సిటీలో గుమాస్తాగా చేసి పోయాడు. తార్నాక సందులో ఒక పోర్షను ఆమెది, ఆనుకుని ఉన్నది రాహేలుది. ఎలాగూ తడి చేతులే కదా అని రాహేలు పూసలు కూడా కడిగి తుడిచింది. అలవాటుకొద్దీ ఒకటి చెంపకు ఆనించింది.

చల్లగా లేదు.

ఇంకొకటి తీసింది. అదీ అంతే. ఎవరి నోట్లోంచో తీసిన పిప్పరమెంటు బిళ్ళలా వెచ్చగా, జిడ్డుగా అంటుకుంది.

పక్క గదిలో దివాకర్ ఉంటాడు, రాళ్ళను పల్చగా కోసే టెక్నీషియన్. పూస అతని చేతిలో పెట్టింది. అతను దాన్ని గాజు పలక మీద గట్టిగా రుద్దాడు. అసలు స్ఫటికమైతే గీత పడాలి. పూస జారిపోయింది. భూతద్దం కింద పెట్టి చూసి నవ్వాడు.

"ఏంది రాహేలమ్మా, గోలీసోడా బుడ్డి పగలగొట్టి చేసిన్రా? లోపల బుడగలు గూడ అట్లనే ఉన్నయ్. ఎవడు అంటగట్టిండు మీకు?"

రాహేలు నవ్వలేదు. అంటగట్టింది కన్నకొడుకు. అసలుదని చెప్పింది తనే.

బాబీ తార్నాక చౌరస్తా దగ్గర పూజ సామాన్ల దుకాణంలో సేల్స్‌మన్. ఆదివారం చర్చిలో కీబోర్డు వాయిస్తాడు, మిగతా ఆరు రోజులు స్ఫటిక మాలలు అమ్ముతాడు. నెల కిందట గౌరమ్మ కొనబోతూ తోడు రమ్మంటే రాహేలు వెళ్ళింది. "మా మమ్మీ యూనివర్సిటీల రాళ్ళ డిపార్ట్‌మెంటు. నన్ను నమ్మకున్రి, మమ్మీ చెంపను నమ్మున్రి" అని బాబీ పదిమంది ముందూ మాల చేతికిచ్చాడు. మంచుముక్కలా తగిలింది. "అసలుదే వదినా" అంది రాహేలు. అన్నప్పుడు మెడ ఎంత నిటారుగా నిలబడిందో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుగా ఉంది. స్ఫటికం ఒంటికి చలువ, బీపీ దించేస్తుంది అని బాబీ చెప్పిన మాట గౌరమ్మ పట్టుకుంది. మర్నాటి నుంచి బిళ్ళలు మానేసింది.

రాహేలు వరండాలోకి వచ్చి ఫోను చేసింది.

"వదినా, ఎలా ఉన్నావు?"

"రొంత తల దిమ్ముగా ఉండాది. ఎండకేమో."

"బిళ్ళ ఒకటి వేసుకో వదినా, నా మాట విను."

"మాల గుచ్చకరా మే, అదే సాలు. అసలుదని నువ్వే గదా సెప్తివి!"

నిజం నాలుక చివరిదాకా వచ్చింది. గుమ్మంలో దివాకర్ నిలబడి వింటున్నాడు. రాహేలు ఫోను పెట్టేసింది.

సెలవు అడిగి బయల్దేరింది. బస్సులో కిటికీ రాడ్డు పట్టుకుని కూర్చుంటే, గౌరమ్మ మూతి వంకర పోయినట్టు, బాబీని పోలీసులు జీపెక్కిస్తున్నట్టు, రెండేళ్ళ సర్వీసు మిగిలి ఉండగా తనను గేటు బయటికి పంపినట్టు ఒకదాని మీద ఒకటి కనిపించాయి. ముందు వాణ్ణి అడగాలి. పొరపాటున వేరే మాల వచ్చిందంటాడేమో. ఆ ఒక్క ఆశతో చౌరస్తాలో దిగింది.

దుకాణంలో అగరొత్తుల పొగ గొంతులో పట్టుకుంది. ఎవరో ఆవిడ మాల అడిగింది. గుమ్మంలో నిలబడ్డ తల్లిని బాబీ చూడలేదు. వెనక్కి తిరిగి ఫ్రిజ్ తెరిచాడు. కూల్‌డ్రింకు సీసాల మధ్య స్టీలు పళ్ళెం, పళ్ళెం నిండా మాలలు. చెమ్మ తుడిచి ఒకటి ఆవిడ అరచేతిలో పెట్టాడు. "చూడున్రి మేడం, ఎంత చల్లగ ఉన్నదో."

ఆవిడ కొనుక్కుని వెళ్ళేదాకా రాహేలు కదల్లేదు.

"నా చేతికిచ్చింది కూడా ఇందులోంచి తీసిందేనా?"

"మమ్మీ, లొల్లి చెయ్యకు. అందరు గిట్లనే అమ్ముతరు."

"గౌరమ్మ బిళ్ళలు మానేసిందిరా."

"నేను మానుమన్ననా? చలువ అన్న, అంతే. పోయి చెప్పు, నాకేంది. పదిమంది ముందర అసలుదన్నది నువ్వు. నన్నెవరు అడుగుతరు? నిన్నే అడుగుతరు."

ఆ మాట అంటూ వాడు నవ్వాడు. అచ్చం తన నవ్వే, ఎడమవైపు పన్ను కనబడుతూ. తన ముఖం మీద ఎవరో ఎంగిలి పూసినట్టయింది రాహేలుకి. బయటికొచ్చి మురుక్కాలువలో ఉమ్మింది. కొంగుతో చెంప రుద్దుకుంది, మండేదాకా రుద్దుకుంది. ఆ అసహ్యం వాడి మీదో, తన మీదో తేల్చుకోలేకపోయింది.

గౌరమ్మ తలుపు తీసే ఉంది. మొహం నిండా చెమట.

"ఇంత తొందరగా వొస్తివే! గుచ్చినాడా మీవోడు?"

"లేదు వదినా. నీతో ఒక మాట..."

"కూచో మే, ముందు టీ తాగు. మొగం సూడు, ఎట్ల వాడిపోయిందో! నాకు బీపీ అని నువ్వు బెంగపడితే ఎట్ల?"

గౌరమ్మ నవ్వుకుంటూ వంటగదిలోకి నడిచింది. రాహేలు మంచం అంచున కూర్చుంది. దుకాణంవాళ్ళు పొరపాటున వేరేది ఇచ్చారని చెప్దామా అనుకుంది. బాబీకి కూడా తెలియదని చెప్దామనుకుంది. కొడుకును ఎంత పక్కకు తప్పించబోయినా మాట తిరిగి అక్కడికే వస్తోంది. లోపల గిన్నె చప్పుడైంది, స్పూను చప్పుడైంది. రాహేలు కళ్ళు మూసుకుంది.

"వదినా, ఆ మాల గాజుది. బాబీ మోసం చేశాడు. చూసుకోకుండా నేను సాక్ష్యం పలికాను. నీకు దండం పెడతా, బిళ్ళ వేసుకో."

అనేసింది. గుండెల మీంచి బరువు దిగింది. తిట్టనీ, వీధిలోకి వచ్చి అరవనీ అనుకుంది.

లేచి వంటగది గుమ్మం దాకా వెళ్ళింది.

"వదినా?"

వంటగదిలో గౌరమ్మ గోడకు వీపు ఆన్చి, కాళ్ళు చాపి, తల భుజం మీదికి వాల్చి కూర్చుని ఉంది. కునుకు పట్టినట్టే ఉంది. రాహేలు పిలిచింది, కుదిపింది, ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. కేకలు విని ఇరుగుపొరుగు వచ్చారు. అంబులెన్సు వచ్చింది. అందులో వచ్చినతను మణికట్టు పట్టుకుని చూసి, చెయ్యి మెల్లగా కింద పెట్టాడు. ఎంతసేపయిందని రాహేలును అడిగాడు. తన మాట గౌరమ్మకు వినబడిందో లేదో తనకే తెలియదు, ఇంక ఏం చెబుతుంది.

గట్టు మీద రెండు గ్లాసులున్నాయి. ఒకదాంట్లో టీ పోసి ఉంది. రెండోదాని మీద పెట్టిన టీ జల్లెడ అడుగున ఒక్క బొట్టు రాలకుండా అలాగే నిలిచిపోయింది.